బఠాణీ గింజల సాక్ష్యం

కూర్చో. నీళ్లు మరిగేలోగా మొదలుపెడతాను.
నీకా పొడుగాటి పేరు ఎవరిదని కదా అడిగావు,
అది చెప్పాలంటే ముందు ఒక దొంగతనం చెప్పాలి.

ఎనభై ఏడు, చలికాలం.
హెబ్డెన్ బ్రిడ్జిలో గడియారమున్న ఇళ్లు వేళ్ల మీద లెక్క.
మిగతా ఊరికి నేనే గడియారం.
తెల్లవారుజామున నాలుగున్నరకి
రేకు గొట్టంలో ఎండు బఠాణీ పెట్టి
మేడ కిటికీ అద్దం మీదికి ఊదేదాన్ని.
టిక్.
లోపల ఒక దగ్గు, ఒక తిట్టు, ఒక అగ్గిపుల్ల.
ఇంటికి వారానికి రెండు పెన్నీలు.

ఆ ఏడు ఎవరో సోమవారం సోమవారం
చర్చి గడియారంలోంచి ఆరు నిమిషాలు కాజేస్తున్నారు.
ఆదివారం రాత్రి బాగానే ఉంటుంది,
తెల్లారి రైలు కూతకి వెనకబడుతుంది.
మిల్లు గేటు మూసేది ఆ గంట వినే.
ఆర్మరాడ్ దొర లెక్క కట్టాడు,
మూడొందల మగ్గాలు, మగ్గానికి ఆరు నిమిషాలు.
దొంగను చూపినవాళ్లకి బంగారు సవరన్ అన్నాడు.

ఊరు ముందు నన్నే చూసింది.
తర్వాత గంటలు కొట్టే నెడ్‌ని చూసింది.
గుమ్మడికాయ దొంగ అనకముందే వాడు భుజాలు తడుముకున్నాడు.
వాడి దొంగతనం వేరు, చర్చి ద్రాక్షసారా.
అది నాకు ఎప్పట్నుంచో తెలుసు.

కానిస్టేబుల్ తలుపులు తట్టాడు.
నేను కిటికీలు లెక్కపెట్టాను.
సోమవారం మాత్రమే తేడాగా ఉండేవి రెండు.
ఒకటి లీయా క్రాబ్‌ట్రీది,
మూడు గింజలు ఊదినా పలకదు,
కింద మంచులో గింజలు అలాగే పడి ఉంటాయి.
రెండోది పాదిరిగారింటి పైగది.
నాకు పైసా ఇవ్వని, నేను లేపక్కర్లేని కిటికీ.
అందులో నాలుగింటికే దీపం.

నాలుగో సోమవారం బూట్లు విప్పి చేత పట్టుకుని
గోపురం మెట్లెక్కాను. అరవై రెండు.
గబ్బిలాల కంపు, నూనె కంపు,
ఆపైన, ఇదెక్కడిది, కర్పూరం.
టక్.
టక్.
ఇంకో టక్ రాలేదు.

లోలకాన్ని రెండు చేతులా పొదువుకుని,
పాలు తాగిన బిడ్డను భుజాన వేసుకున్నట్టు,
పాదిరిగారి చెల్లెలు నిలబడి ఉంది.
ఊదారంగు చేతి తొడుగులు. పెదాలు కదులుతున్నాయి,
"రెండొందల పదకొండు, రెండొందల పన్నెండు..."
నన్ను చూసీ లెక్క ఆపలేదు.
కళ్లతో గోడలో కంత చూపించింది.
కంతలో కొండ. కొండ మీద ఒక లాంతరు,
జారుతూ, పడుతూ, మళ్లీ లేచి దిగుతూ.

కొండవతల ఓ ముసలమ్మ దగ్గర పెరిగే పసిగుడ్డు.
పెళ్లి కాని తల్లి. వారానికి ఒక్క రాత్రి.
రానూ పోనూ పద్నాలుగు మైళ్లు.
గేటు ఒకసారి మూస్తే పూట కూలి, మూడుసార్లు మూస్తే పనే పోతుంది.
ఆవిడ ఇదేమీ చెప్పలేదు.
మంచులో పడి ఉన్న నా బఠాణీలు చెప్పాయి.

"మూడొందల అరవై." వదిలింది.
టక్.

మెట్ల దగ్గర మాత్రం అడిగింది,
"నేను చేసేది పాపమా, హెట్టీ?"
"అది మీ అన్నగారిని అడగాలి.
ముందు ఆ పళ్లచక్రంలో మీ తొడుగు నూలుంది, తీసెయ్యండి."

దొర బల్ల మీద ఒక గంపెడు ఈకలు కుమ్మరించాను.
పావురాలండీ, లోలకం మీద వాలుతున్నాయి అన్నాను.
ఆయనకి పావురాలంటే ముందే కోపం, నమ్మేశాడు.
కంతకి వల కొట్టించాడు. సవరన్ నా అరచేతిలో పెట్టాడు.

ఏం చేశానా? తల ఎత్తి చూడు,
నువ్వు మొదటిసారి పాకింది ఈ గదిలోనే.
మీ అమ్మకి ఇక కొండెక్కే పని లేకపోయింది,
గడియారమూ రైలూ ఒకే మాట మీదికి వచ్చాయి.
వల మహిమ, అంటారు ఊళ్లో ఇప్పటికీ.

నీకు నీళ్లు చల్లించిన రోజు
ఆవిడ వెనక వరసలో కూర్చుంది, అవే తొడుగులతో.
మిస్ యుఫీమియా త్వెయిట్.
అంత పేరు నోరు తిరక్క మీ అమ్మ ఎఫీ చేసింది.

ఇదుగో టీ. చక్కెర నువ్వే వేసుకో.
ఆ నెడ్ సంగతి మాత్రం బయట అనకు,
వాడి కొడుకే ఇప్పుడు చర్చి లెక్కలు చూస్తున్నాడు.